హౌసింగు మార్చెయ్యమనే ముందు

వెనక ఇరుసు ఊళ పెట్టడం మొదలెట్టిన పాత కారు గురించి హైవే పక్కన ఏ ఊళ్లో అడిగినా వినిపించే సలహా ఒక్కటే: క్రౌను పినియను పోయాయి, రిపేరు జోలికి పోవద్దు, హౌసింగు మొత్తం మార్చెయ్యండి. మెకానిక్కులు ఈ మాటే అంటారు, పాత కార్లున్న స్నేహితులు అంటారు, పాత సామాన్ల కొట్లవాళ్లు మరికాస్త గట్టిగా అంటారు. గౌతమికీ వశిష్ఠకీ నడుమ, 16వ నంబరు జాతీయ రహదారి మీదున్న రావులపాలెం లాంటి చోట ఈ సలహాకు అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అక్కడ బండి అంటే ముందు లారీ. అరటి మార్కెట్టులో గెలలు ఎత్తుకున్న లారీ ఒడిశాకో తమిళనాడుకో బయల్దేరాలి. దాని డిఫరెన్షియల్ మొరాయిస్తే లోపల ఏ బేరింగు అరిగింది, ఏ షిమ్ము ఎంత మందం ఉండాలి అని తీరిగ్గా చూసే వ్యవధి ఎవరికీ ఉండదు. చక్కెరకేళి గెల ముగ్గకుండా మెకానిక్కు కోసం ఆగదు. సిద్ధంగా ఉన్న ఇంకో డిఫరెన్షియల్ తెచ్చి రాత్రికి రాత్రి బిగించి లారీని రోడ్డెక్కించడమే అక్కడ సరైన పని. పోయే కిరాయి, పాడయ్యే సరుకు, డ్రైవరు బత్తా అన్నీ లెక్కేస్తే అదే చవక కూడా. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. ఆ లెక్కనే యథాతథంగా తెచ్చి, ఆదివారం పూట తప్ప రోడ్డెక్కని అరుదైన పాత కారుకు అంటగట్టడం మీదే నా అభ్యంతరం. లారీకి న్యాయమైన సలహా ఆ కారుకు అన్యాయం చేస్తోంది. పైగా ఆ సలహా ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది యంత్రం లోపల చూసి చెప్పడం లేదు, బయట చప్పుడు విని చెబుతున్నారు.

పాత కారు అంటే ఇక్కడ నేను చెబుతున్నవి వెనక చక్రాలతో నడిచే బళ్లు: 2014లో ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయేదాకా వచ్చిన అంబాసిడర్, దానితో పాటు ప్రీమియర్ పద్మిని, అన్నిటికన్నా ముఖ్యంగా మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్. హెరాల్డ్‌ను ప్రత్యేకంగా ఎత్తడానికి కారణం ఉంది. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ ఆ హెరాల్డ్ చట్రాన్నే కుదించి 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేసింది. 1980 దాకా దాన్ని అమ్మింది. రెండింటికీ రూపం ఇచ్చినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి. రెండింటి వెనక ఉన్న డిఫరెన్షియలూ ఒకే కుటుంబానికి చెందింది. అంటే నలుగురు కూర్చునే మద్రాసు కారు కిందా, పందేల కోసం మోజుపడి కొనే ఇంగ్లీషు కారు కిందా ఉన్నవి తోబుట్టువుల్లాంటి యంత్రాలు. ఈ డిఫరెన్షియల్ అంబాసిడర్‌లో మాదిరిగా ఇరుసు గొట్టం మధ్యలో కూర్చుని చక్రాలతో పాటు ఎగిరిపడదు. చట్రానికే బోల్టులతో బిగించి ఉంటుంది. దాని నెత్తిన అడ్డంగా కమాను పట్టీల కట్ట, రెండు పక్కలా జాయింటు క్రాసులు, వాటి నుంచి చక్రాలకు షాఫ్టులు. కాబట్టి హౌసింగు మార్చెయ్యడం అనే మాటకు ఈ కార్లలో అర్థమే వేరు: ఆ పెట్టెను దించాలంటే వెనక సస్పెన్షన్ మొత్తం విప్పాలి. అయినా వీటికి కూడా ఓమ్ని హౌసింగు పెట్టేద్దాం, జీపుది కోసి అతికిద్దాం అనే సలహాలు వస్తూనే ఉంటాయి. వెల్డింగు పెట్టి చట్రానికి కొత్త బ్రాకెట్లు అతికి, కమాను కట్ట తీసేసి కొత్త ఇరుసు వేలాడదీసిన తర్వాత మిగిలేది హెరాల్డ్ బాడీ తొడుక్కున్న ఇంకేదో బండి.

డిఫరెన్షియల్ పనేమిటో కోనసీమ రైతుకు వేరే చెప్పక్కర్లేదు. దమ్ము చేస్తున్నప్పుడు ట్రాక్టరు ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతూ రెండోది కదలకుండా నిలిచిపోతే కాలితో లాక్ తొక్కుతాడు. ఆ లాక్ కాసేపు ఆపేది డిఫరెన్షియల్ పనినే. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి గనక రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ఏర్పాటు అది. ఫ్రాన్సులో పెకర్ అనే గడియారాల పనివాడు 1827లో ఆవిరి బండి కోసం పేటెంటు తీసుకున్న ఆలోచన, ఇవాళ ఎలక్ట్రిక్ కార్లలో తిరుగుతున్నదీ అదే. అయితే వెనక చక్రాల కారులో ఆ పెట్టెకు ఇంకో బాధ్యత ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టు తిరుగుడును చక్రాల వైపు మళ్లించాలి, వేగం తగ్గించి లాగుడు బలం పెంచాలి. అది క్రౌను, పినియనుల పని. జనం అరిగిపోయాయనుకునేది ఈ జతనే. నూనె సరిగా ఉన్న పెట్టెలో అన్నిటికంటే ఆలస్యంగా అరిగేది కూడా ఈ జతే. ఆ పళ్ల పైపొర కార్బన్ పట్టించి గట్టిపరిచిన ఉక్కు. పంటికీ పంటికీ మధ్య నూనె పొర నిలిచినంతకాలం లోహం లోహాన్ని ఒరుసుకునేది తక్కువ. ముందు చెడేవి ఆ గేర్లను పట్టి నిలబెట్టే బేరింగులు: పినియను మీద రెండు, క్రౌను బిగించిన కేజికి అటొకటీ ఇటొకటీ. ఇవి కోను ఆకారపు రోలరు బేరింగులు. వీటిని ఊరికే వదులు లేకుండా బిగిస్తే చాలదు. లెక్క ప్రకారం కాస్త ఒత్తిడి మిగిలేలా బిగించాలి. ఏళ్ల తరబడి తిరిగి రోలర్లు వెంట్రుకవాసి అరిగితే ఆ ఒత్తిడి పోతుంది. యాక్సిలరేటరు తొక్కితే పినియను ఒక వైపుకూ, వదిలితే ఇంకో వైపుకూ జరగడం మొదలెడుతుంది. పళ్లు కలుసుకోవాల్సిన చోట కలుసుకోవు. ఊళ అక్కణ్ణుంచి పుడుతుంది, పళ్లు నిక్షేపంగా ఉండగానే పుడుతుంది. వీటి తర్వాత చెడేవి కేజి లోపలి సన్ గేర్ల వెనకా స్టార్ పినియన్ల వెనకా ఉండే థ్రస్ట్ వాషర్లు. పలచటి బిళ్లలు. ఇవి అరిగితే గేరు వేసి క్లచ్ వదలగానే వెనక టక్‌మని దెబ్బ వినబడుతుంది. స్పిట్‌ఫైర్ వాడినవాళ్లందరికీ తెలిసిన జబ్బు అది. నాలుగు బిళ్లలతో పోయే దెబ్బకు పెట్టె మొత్తాన్ని తుక్కులో వేయమనడం వైద్యం ఎలా అవుతుంది?

చప్పుడును బట్టి తీర్పు చెప్పేవాళ్లు చప్పుడునైనా పూర్తిగా వినాలి. లాగుడు మీద ఉన్నప్పుడు సన్నగా ఊళ వచ్చి, కాలు తీయగానే ఆగితే పళ్ల కలయిక మీద అనుమానపడాలి. కాలు తీసి బండిని దొర్లనిచ్చినప్పుడు ఊళ వస్తే ముందు చూడాల్సింది పినియను బేరింగులు వదులయ్యాయా అని. లాగినా వదిలినా ఒకేలా గరగరమంటూ వేగంతో పెరిగే మోత సాధారణంగా క్రౌను కేజి బేరింగులదో, చక్రం బేరింగుదో. కుడికి తిప్పితే పెరిగి ఎడమకు తిప్పితే తగ్గే మోత దాదాపు ఎప్పుడూ చక్రం బేరింగుదే, డిఫరెన్షియల్‌కు దానితో సంబంధమే ఉండదు. గట్లు కట్టినట్టు అరిగిన టైరు చేసే హోరును డిఫరెన్షియల్ మీద వేసేవాళ్లు ఎంతమందో. దీనికి పరీక్ష రావులపాలెం పక్కనే ఉంది: జొన్నాడ దగ్గర గౌతమి వంతెన కాంక్రీటు మీదా, దాని తర్వాతి తారు రోడ్డు మీదా అదే వేగంతో పోనిచ్చి వినండి. రోడ్డు మారగానే స్వరం మారితే అది టైరే. డిఫరెన్షియల్‌కు కిందున్నది తారో కాంక్రీటో తెలియదు. ఇక టక్‌మనే దెబ్బకు థ్రస్ట్ వాషర్ల కంటే ముందు అనుమానించాల్సింది ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు క్రాసులని. హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌లలో ఇరుపక్కల షాఫ్టులకు కూడా క్రాసులున్నాయి గనక అనుమానితుల సంఖ్య ఇంకా పెరుగుతుంది. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, కింద పడుకుని, చేత్తో ఒక్కొక్క క్రాసునూ అటూ ఇటూ తిప్పి చూస్తే తేలిపోయే విషయం అది. ఆ పని చెయ్యకుండా హౌసింగు మార్చిన బండిలో పాత దెబ్బ అలాగే మిగిలిపోతుంది, డబ్బు మాత్రం పోతుంది.

మార్చెయ్యమనేవాళ్లకు ఎదురుగా ఇంకో వర్గం ఉంది. వాళ్లది మరీ తేలిక మాట: పాత బండి ఊళ పెట్టక ఏం చేస్తుంది, 90 నంబరు నూనె తీసి 140 నంబరు పోస్తే సరి. చిక్కటి నూనె చప్పుడును కప్పుతుంది, వదులైన బేరింగును బిగించదు. అమెరికాలో పాత కార్ల బేరగాళ్లు కొనేవాడి చెవికి చప్పుడు వినపడకుండా గేర్ల పెట్టెల్లో రంపపు పొట్టూ, అరటి తొక్కలూ కుక్కేవారని చెప్పుకుంటారు. అరటి ఊరిమీదుగా పోయే బళ్లకు ఆ తెలివి ఎవరూ నేర్పకూడదని కోరుకుంటున్నాను. చిక్కటి నూనె కూడా ఆ కోవలోదే. పినియను ఊగుతూనే ఉంటుంది, కలయిక తప్పిన పళ్లు ఒకదాన్నొకటి కొరుకుతూనే ఉంటాయి. బేరింగులు మారిస్తే బతికిపోయే క్రౌను ఆ నిర్లక్ష్యంలో నిజంగానే చచ్చిపోతుంది. అప్పుడు మార్చెయ్యమనేవాళ్ల మాటే గెలిచినట్టు కనబడుతుంది.

ఇప్పుడు ఆ మార్చే పెట్టె సంగతి చూద్దాం. కొత్త హెరాల్డ్ డిఫరెన్షియల్ షోరూములో దొరకదు. మార్చడమంటే ఆచరణలో ఇంకో పాత బండిలోంచి తీసినదాన్ని తేవడం. అంటే తెలిసిన అరుగుదలను తీసేసి తెలియని అరుగుదలను బిగించుకోవడం. ఆ పెట్టె ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, నూనె లేకుండా ఎన్నాళ్లు తిరిగింది, ఎన్నేళ్లు కొట్టు ముందు ఎండకూ వానకూ పడి ఉంది అన్న ప్రశ్నలకు అమ్మేవాడి దగ్గర జవాబు ఉండదు. నూనె తీసేసి పక్కన పడేసిన పెట్టెలో రోలర్లు ఏ చోట ఆనుకుని ఉన్నాయో ఆ చోటే తుప్పు చుక్కలు పడతాయి. డెల్టా తేమలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. బిగించిన రోజు చేత్తో తిప్పితే నున్నగానే తిరుగుతుంది. కొంత దూరం నడిచాక ఆ చుక్కలు గుంటలవుతాయి. దీనికి తోడు వరద. 2022 జూలైలో గోదావరి కోనసీమ లంకల్ని రోజుల తరబడి ముంచింది. ఇరుసుకు ఊపిరి తీసుకునే చిన్న రంధ్రం ఒకటుంటుంది. వేడిగా ఉన్న ఇరుసు కాజ్‌వే మీద చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని ఆ రంధ్రం గుండా, అరిగిన సీళ్ల గుండా నీళ్లను లోపలికి లాగుతుంది. అలా నీళ్లు తాగిన పెట్టెలో నూనె మజ్జిగలా తెల్లబడుతుంది. మీ కారైతే డ్రెయిన్ ప్లగ్గు విప్పి ఆ రంగు చూసి తెలుసుకోవచ్చు. కొట్లో నూనె వంచేసి, బయట నల్లరంగు పూసి పెట్టినదాన్ని చూసి ఏం తెలుస్తుంది? ఈ సందేహాలన్నీ తీరాలంటే ఆ పెట్టెను కూడా విప్పి చూడాలి. విప్పి చూసే పని ఎలాగూ తప్పనప్పుడు, ముందు మీ సొంతదాన్నే విప్పకపోవడానికి కారణం నాకు కనబడదు.

రిపేరుకు వ్యతిరేకంగా చెప్పే మాటల్లో నిజంగా బరువున్నది ఒకటుంది. బేరింగులు మార్చి బిగిస్తే మునుపటి కంటే ఎక్కువ ఊళ పెట్టిన డిఫరెన్షియళ్లు ఉన్నాయి, కాబట్టి ముట్టుకోకపోవడం మేలు అంటారు. ఉన్న మాటే. ఎందుకలా అవుతుందో చూస్తే మాత్రం ఈ మాట నా వైపే సాక్ష్యం చెబుతుంది. క్రౌను, పినియనులను ఫ్యాక్టరీలో జతగా నూరి, జతగా నంబరు వేసి పంపుతారు. స్పిట్‌ఫైర్ మొదటి రకాల్లో 4.11 నిష్పత్తి పెట్టెలో పినియనుకు 9 పళ్లు, క్రౌనుకు 37. రెండు అంకెలకూ ఉమ్మడి భాజకం లేదు. అందువల్ల పినియనులోని ప్రతి పన్నూ క్రౌనులోని ప్రతి పంటినీ వంతులవారీగా కలుస్తుంది. పినియను 37 చుట్లు తిరిగితే, అంటే 333 కలయికల తర్వాత, మళ్లీ మొదటి జత ఎదురెదురు వస్తుంది. రోడ్డు మీద కిలోమీటరుకు ఇది 60 సార్లకు పైగానే జరుగుతుంది. ఏళ్ల తరబడి ఇలా తిరిగిన జత తనకంటూ ఒక ఒరవడి ఏర్పరచుకుంటుంది. విప్పేముందు ఆ ఒరవడిని కొలిచి రాసుకోకుండా, బేరింగులు పీకి, కొత్తవి కొట్టి, చేతికందిన షిమ్ములతో బిగిస్తే పళ్లు ఎన్నడూ కలవని చోట కలుస్తాయి. ఊళ పెట్టక ఏం చేస్తాయి? ఇక్కడ తప్పు రిపేరుది కాదు, కొలత లేని రిపేరుది. సరైన పద్ధతి కష్టమైనదీ కాదు, రహస్యమైనదీ కాదు. పెట్టెను విప్పేముందే క్రౌను పంటి మీద డయల్ గేజి ఆనించి, పినియను కదలకుండా పట్టుకుని, క్రౌనును అటూ ఇటూ కదిపితే వెసులుబాటు ఎంతో సూది చూపిస్తుంది. ఈ పెట్టెలకు కొత్తలో అది 0.004 నుంచి 0.006 అంగుళం. క్రౌను చుట్టూ మూడు నాలుగు చోట్ల చూసి రాసుకోవాలి. పళ్లకు నీలిరంగు పూసి తిప్పితే ఏ చోట ఆనుతున్నాయో అచ్చు పడుతుంది. ఆ అచ్చును ఫోటో తీసి ఉంచాలి. బేరింగు మూతలకు కుడి ఎడమలు గుర్తు పెట్టాలి, ఎందుకంటే ఆ రంధ్రాలు పెట్టెతో కలిపి తొలిచినవి, తారుమారైతే సరిపడవు. పాత బేరింగు వెడల్పు, కొత్త బేరింగు వెడల్పు కొలిచి, తేడా ఎంతుందో షిమ్ముల మందం అంత మార్చాలి. పినియను బిగింపు ఒత్తిడి చూడటానికి ఖరీదైన పనిముట్లు లేకపోయినా ఫ్లాంజికి గట్టి నూలుతాడు చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగి చూసే పాత పద్ధతి ఉంది. ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి దాన్నుంచి లెక్కగట్టొచ్చు. చివరగా మళ్లీ నీలిరంగు. అచ్చు పంటి కొసకు పోతే పినియను దూరంగా ఉంది, మొదలుకు పోతే మరీ లోపలికి వచ్చింది. మొదట తీసిన ఫోటోతో సరిపోయేదాకా షిమ్ములు సర్దాలి. పాత జతను కొత్త జత కొలతలకు బలవంతంగా లాగకూడదు. దానికి అలవాటైన చోటుకే తిరిగి చేర్చాలి. ఇంత చేసి బిగించిన పాత జత కొత్తగా ఊళ పెట్టడానికి కారణం మిగలదు.

ఇవన్నీ పుస్తకాల్లో బాగుంటాయి, ఇక్కడ చేసేవాడెవడు, సామానెక్కడ అనేది తర్వాతి ఆక్షేపణ. గోదావరి డెల్టాలో కూర్చుని ఈ మాట అనడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంత గేర్ల పని జరిగే పల్లెటూళ్లు ఎన్ని ఉంటాయి? ప్రతి ట్రాక్టరు కడుపులోనూ క్రౌను పినియను ఉంది. దమ్ములో బురద నీళ్లలో నానుతూ పనిచేసే ఆ పెట్టెలను విప్పి, బేరింగులు మార్చి, షిమ్ములు సర్ది సీజను లోపల పొలానికి పంపే చేతులు ఈ ఊళ్లలో ఉన్నాయి. వరికోత యంత్రాలున్నాయి. చేపల, రొయ్యల చెరువుల మీద రాత్రింబవళ్లు తిరిగే ఏరేటర్లకూ గేరుబాక్సులున్నాయి, ఉప్పుగాలికి అవి చెడుతూ బాగుపడుతూనే ఉంటాయి. మండపేట, తణుకు బియ్యపు మిల్లుల యంత్రాల కోసం పనిచేసే లేతు షాపుల్లో అంగుళంలో వెయ్యో వంతు తేడా అంటే ఏమిటో తెలిసినవాళ్లున్నారు. వాళ్లకు కావలసింది హెరాల్డ్ గురించిన జ్ఞానం కాదు, ఆ పెట్టె కొలతల కాగితం, నాలుగు రోజుల వ్యవధి, ఆ వ్యవధికి తగిన కూలి. ఇక సామాను. బేరింగుకు కారు పేరుతో పనిలేదు. దాని అంచు మీద చెక్కిన నంబరుతో అది ప్రపంచంలో ఎక్కడైనా దొరుకుతుంది. ట్రాక్టర్లకూ మిల్లులకూ అమ్మే కొట్టువాడు ఆ నంబరు చూసి తనదగ్గర ఉంటే ఇస్తాడు, లేకపోతే తెప్పిస్తాడు. ఆయిల్ సీలు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం ఈ మూడు కొలతలిస్తే దొరుకుతుంది. థ్రస్ట్ వాషర్లు మాత్రం ప్రత్యేకమైనవి. అయితే స్పిట్‌ఫైర్ అభిమానుల పుణ్యమా అని అవి ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తగా తయారై అమ్ముడవుతున్నాయి. చిన్న పొట్లంలో వచ్చేవి. మద్రాసు హెరాల్డ్‌కు ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుతో ఉన్న బంధుత్వం అక్కరకొచ్చేది ఇక్కడే. పాత సామాన్ల కొట్లో మొత్తం పెట్టె కోసం వెతికే శ్రమలో పదో వంతు పెడితే ఈ పొట్లం ఇంటికొస్తుంది.

హైవే పేరు చెప్పి ఇంకొందరు వాదిస్తారు. రోడ్లు వెడల్పయ్యాయి, పాత నిష్పత్తితో ఇంజను అరుస్తుంది, ఎలాగూ విప్పుతున్నాం గనక తర్వాతి రకం స్పిట్‌ఫైర్‌లోని 3.63 పెట్టె వేస్తే హాయి కదా అని. ఇందులో సగం నిజం ఉందని ఒప్పుకుంటాను. అదే వేగానికి 4.11 నిష్పత్తితో నిమిషానికి 3,600 చుట్లు తిరిగే ఇంజను ఈ మార్పుతో 3,180 దగ్గర తిరుగుతుంది. చెవికి తేడా తెలుస్తుంది. కానీ 3.63ను ట్రయంఫ్ కంపెనీ ఇచ్చింది 1493 సీసీ ఇంజనుకు. అంతకుముందు 1147, 1296 సీసీ ఇంజన్లకు వేరే నిష్పత్తులు ఇచ్చింది, ఊరికే ఇవ్వలేదు. 948 సీసీ మద్రాసు హెరాల్డ్‌కు 4.875 ఇచ్చిందీ ఆ చిన్న ఇంజను మోయగలిగే బరువు చూసే. దానికి పొడుగు నిష్పత్తి తగిలిస్తే సర్వీసు రోడ్డు మీంచి హైవే ఎక్కడానికి, నలుగురు కూర్చుని వంతెన వాలు ఎక్కడానికి కింది గేరులో ఇంజనును పీకాల్సి వస్తుంది, క్లచ్ కాలుతుంది. రావులపాలెం దాటి కొత్తపేట మీదుగా అమలాపురం వైపు తిరిగితే కాలవగట్ల మలుపులు, సెంటర్లలో రద్దీ. అక్కడ అవసరమయ్యేది పాత నిష్పత్తి ఇచ్చే లాగుడే. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. స్పీడోమీటరు తిరుగుడు గేరుబాక్సు నుంచి వస్తుంది, చక్రం నుంచి కాదు. 4.11 బదులు 3.63 వేసి స్పీడోమీటరును సరిచేయకపోతే బండి 90లో పోతున్నప్పుడు ముల్లు 80 దగ్గర ఉంటుంది. వేగ పరిమితి ఉన్న రోడ్డు మీద, సగం శతాబ్దం వయసున్న బ్రేకులతో, ఆ పొరపాటు చిన్నది కాదు. రోజూ హైవే మీద దూరాలు పోయే పెద్ద ఇంజను బండి అయితే, స్పీడోమీటరు సరిచేసి, పాత పెట్టెను భద్రంగా దాచిపెట్టి ఈ మార్పు చేసుకుంటే నేను తప్పుపట్టను. అది ఇష్టపడి చేసుకునే మార్పు. అరుగుదలకు మందు అని చెప్పి అమ్మడమే తప్పు.

మార్చక తప్పని సందర్భాలు నిజంగానే ఉన్నాయి, వాటిని దాచడం నా ఉద్దేశం కాదు. మూత విప్పాక పంటి ముఖం మీద గోటికి తగిలే గుంటలుంటే, గట్టిపొర పెచ్చులు లేచి ఉంటే, ఒక పన్నైనా చిట్లి ఉంటే ఆ జత పని అయిపోయినట్టే. దాన్ని ఏ బేరింగూ బతికించదు. ఒకటి బాగుంది కదా అని క్రౌను ఉంచి పినియను మాత్రం మార్చడం మరీ దండగ. మారిస్తే ఒకే నంబరున్న జతను మార్చాలి. అయినా అప్పుడు కూడా మారేది జత మాత్రమే. పెట్టె, కేజి, మూతలు, కమాను కట్ట కూర్చునే తలం ఎక్కడివక్కడే ఉంటాయి, చట్రం మీద వెల్డింగు చుక్క కూడా పడదు. దీనికి చట్టంలో కూడా ప్రయోజనం ఉంది. కేంద్ర మోటారు వాహన నియమాలకు 2021 జూలైలో చేసిన సవరణ ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చట్రంలోనూ బాడీలోనూ ఇంజనులోనూ పెద్ద మార్పులు చేయని బళ్లకు వింటేజ్ వాహనాలుగా గుర్తింపు ఇస్తున్నారు, నంబరులో వీఏ అక్షరాలు వేస్తున్నారు. 1960లలోని హెరాల్డ్‌లన్నీ ఇప్పటికే ఆ వయసు దాటాయి. రేపు ఆ గుర్తింపు కోరాలనుకునేవాడు ఇవాళ ఓమ్ని ఇరుసు కోసం చట్రం కోయించుకుంటే తన చేత్తో తనే దారి మూసుకున్నట్టు. అందుకే షెడ్డువాడు అంచనా కాగితం రాసేటప్పుడు హౌసింగు ఒకటి అని రాయనివ్వకండి. విప్పకముందు వెసులుబాటు ఎంత, అచ్చు ఎక్కడ పడింది, ఏ బేరింగు ఏ నంబరు, పళ్ల ముఖం ఎలా ఉంది అని రాయించండి. కొత్త జత వేయాల్సి వస్తే మొదటి 500 కిలోమీటర్లు బరువు వేయకుండా, ఒకే వేగంతో లాగించకుండా నడపండి. ఆ తర్వాత నూనె వేడిగా ఉండగానే వంచి, అడుగున మెరిసే రజను ఎంతుందో తెల్లగుడ్డ మీద చూసి, సీలు తీయని డబ్బాలోంచి హైపాయిడ్ గేర్లకు తగిన 90 నంబరు ఈపీ నూనె పోయించండి.